ఇంటింటికీ వెళ్లి టికెట్ అడిగితే



ఎన్నికలు వస్తున్నాయంటే మన ఊళ్లలో గెలుపోటముల లెక్కల కన్నా ముందు టికెట్ ఎవరికన్న మాటే నడుస్తుంది. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, పెళ్లి పందిట్లో అదే చర్చ. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల లోపు పార్టీ బి ఫారం రిటర్నింగ్ అధికారి చేతికి అందాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం పార్టీలో ఏ ఒకరిద్దరికో ఉంటుంది. ఇరవై ఏళ్లు జెండా మోసిన మనిషైనా ఆ రోజు పెద్దల గేటు ముందు ఎదురుచూడవలసిందే. దక్కనివాళ్లు కార్యకర్తల మధ్య కన్నీళ్లు పెట్టుకుంటారు. కొందరు రెబల్‌గా నామినేషన్ వేసి పార్టీ నుంచి సస్పెండ్ అవుతారు. ఆ నియోజకవర్గంలో ఆ పార్టీకే తరతరాలుగా ఓటేస్తున్న కుటుంబాలను మాత్రం, మీకు ఎవరు కావాలమ్మా అని అడిగి, వాళ్లు చెప్పిందే ఖాయం చేసే పద్ధతి మనకు లేదు.

అమెరికాలో ఉంది. పార్టీ అభ్యర్థిని తేల్చడానికే అక్కడ విడిగా ఒక ఎన్నిక జరుగుతుంది. ప్రభుత్వమే పోలింగ్ కేంద్రాలు పెట్టి, బ్యాలెట్లు అచ్చువేసి, ఓట్లు లెక్కపెట్టి ఫలితం ప్రకటిస్తుంది. దాన్ని ప్రైమరీ అంటారు. అందులో నెగ్గినవాళ్లే నవంబరులో జరిగే అసలు ఎన్నికలో పార్టీ తరఫున నిలబడతారు. పార్టీ అధ్యక్షుడికి ఇష్టం ఉన్నా లేకపోయినా అంతే. అక్కడి పార్లమెంటు పేరు కాంగ్రెస్. దాని దిగువ సభలో 435 స్థానాలు, రెండేళ్లకోసారి ఎన్నిక. పాతికేళ్లు నిండి, ఏడేళ్లుగా పౌరసత్వం ఉండి, ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లు ఎవరైనా పోటీ చేయవచ్చు.

ఇది మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడా పార్టీ సమావేశాల్లో పెద్దలే పేర్లు ఖాయం చేసేవారు. రైల్వే కంపెనీల మాట, కలప వ్యాపారుల మాట అక్కడ బాగా చెల్లేది. విస్కాన్సిన్ రాష్ట్రంలో రాబర్ట్ లా ఫాలెట్ అనే నాయకుడు అలాంటి సమావేశాల్లో ఒకటికి రెండుసార్లు దెబ్బతిన్నారు. అభ్యర్థిని ఓటరే ఎన్నుకోవాలని పట్టుబట్టారు. 1904లో ఆ రాష్ట్ర ప్రజలు ఆ చట్టాన్ని ఓటుతో ఆమోదించారు. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే ఆ దారి పట్టింది.

మరి ఏ పేరూ, ఏ అండా లేని మనిషి మొదటిసారి ఆ ప్రైమరీలో నిలబడితే ఏం జరుగుతుంది? దీనికి జవాబుగా ఒక రోజును తీసుకుంటాను. 2018 జూన్ 26, మంగళవారం. ఆ రోజు న్యూయార్క్‌లోనూ, దక్షిణాన మేరీలాండ్‌లోనూ ప్రైమరీలు జరిగాయి. న్యూయార్క్‌లో గెలిచిన ఒక యువతి పేరు మర్నాటికి ప్రపంచమంతా తెలిసింది. మేరీలాండ్‌లో ఓడిన ఒక మహిళ మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఇద్దరి కథా చెప్పుకుంటేనే ప్రైమరీ అంటే ఏమిటో తెలుస్తుందని నా నమ్మకం.

ముందు న్యూయార్క్ సంగతి. ఆ నగరంలో 14వ నియోజకవర్గం క్వీన్స్‌లో కొంత, బ్రాంక్స్‌లో కొంత కలిపి ఉంటుంది. జాక్సన్ హైట్స్, కరోనా, ఆస్టోరియా, పార్క్‌చెస్టర్ వంటి పేటలు. పొట్ట చేత పట్టుకుని దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు కాపురముండే చోట్లు. క్వీన్స్‌లో బ్యాలెట్ కాగితం బెంగాలీలో కూడా అచ్చవుతుందంటే ఆ జనం ఎవరో మీరు ఊహించుకోవచ్చు. అప్పటికి అక్కడ సభ్యుడు జో క్రౌలీ. 1999 నుంచి సభలో ఉన్నారు. దిగువ సభ డెమోక్రాట్లలో నాలుగో స్థానం ఆయనది. పైగా క్వీన్స్ జిల్లా పార్టీకి అధ్యక్షుడు కూడా. రేపో మాపో స్పీకర్ అవుతారని పత్రికలు రాస్తున్న రోజులు. ఆయన సభలోకి వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. 1998లో అంతకుముందు సభ్యుడైన థామస్ మ్యాంటన్ మళ్లీ పోటీ చేస్తానని కాగితాలు దాఖలు చేసి, గడువు దాటిన తర్వాత తప్పుకున్నారు. ఖాళీ అయిన చోట పార్టీ కమిటీ క్రౌలీ పేరు చేర్చింది. అంటే ఆ మొదటిసారి ఆయనకు టికెట్ ఇచ్చింది ఓటర్లు కారు. ఆ తర్వాత కూడా 2004 నుంచి పద్నాలుగేళ్లపాటు ప్రైమరీలో ఆయన మీద నిలబడినవాళ్లే లేరు. ప్రైమరీ చట్టంలో ఉన్నంత మాత్రాన ఓటరు చేతికి రాదు. ఎవరో ఒకరు నిలబడాలి.

నిలబడింది అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్. బ్రాంక్స్‌లో పుట్టిన పోర్టోరికన్ కుటుంబపు పిల్ల. కాలేజీలో ఉండగా 2008లో తండ్రి క్యాన్సర్‌తో పోయారు. తల్లి ఇళ్లు శుభ్రం చేసీ, స్కూలు బస్సు నడిపీ ఇల్లు నెట్టుకొచ్చారు. డిగ్రీ చేతికొచ్చాక ఈమె మాన్‌హటన్‌లో యూనియన్ స్క్వేర్ దగ్గర ఒక బార్‌లో పనికి కుదిరారు. 2016లో దేశాధ్యక్ష పదవికి పోటీపడిన బెర్నీ శాండర్స్ ప్రచారంలో కార్యకర్తగా తిరిగారు. ఆ ఏడాది చివర స్నేహితులతో కారు వేసుకుని, విషం కలిసిన నీళ్లు తాగుతున్న ఫ్లింట్ నగరానికీ, ఆయిల్ పైపులైను వద్దని మూలవాసులు ఉద్యమిస్తున్న స్టాండింగ్ రాక్‌కూ వెళ్లారు. ఈలోపు, కొత్తవాళ్లను కాంగ్రెస్ పోటీకి దించాలని వెతుకుతున్న ఒక బృందానికి తమ్ముడు ఆమె పేరు పంపాడు. అలా 2017లో ఆమె బరిలోకి దిగారు. పగలో రాత్రో బార్‌లో పని. మిగిలిన వేళల్లో ప్రచారం. ప్రచార సామగ్రి ఒక కాగితపు సంచిలో పెట్టి కౌంటర్ వెనక దాచుకునేదాన్నని ఆ తర్వాత ఆమే చెప్పారు.

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పదలచుకున్నది సంతకాల సంగతి. మన దగ్గర లోక్‌సభకు నామినేషన్ వేసేవాళ్లు డిపాజిట్ కడతారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రులకు పదిమంది. న్యూయార్క్‌లో డబ్బు కట్టనక్కర్లేదు, సంతకాలు తేవాలి. కాంగ్రెస్ స్థానానికి 1,250. సంతకం పెట్టేవాళ్లు అదే నియోజకవర్గంలో ఉండాలి, అదే పార్టీలో నమోదై ఉండాలి, అదే పదవికి వేరేవాళ్లకు సంతకం పెట్టి ఉండకూడదు. చిరునామా సరిగా ఉండాలి. ప్రతి కాగితం కింద సాక్షి సంతకం ఉండాలి. ఆ తర్వాత అవతలి పక్షం వకీళ్లు వచ్చి ఒక్కొక్క వరుసా పట్టి చూస్తారు. ఇది చెల్లదు, అది చెల్లదు అని కొట్టేయించాలని చూస్తారు. అందుకే కావలసిన దానికి ఎన్నో రెట్లు పోగేసుకుంటే తప్ప కొత్తవాళ్లకు ధీమా ఉండదు. ఇదంతా చేయడానికి దొరికేది ఐదు వారాల పైచిలుకు. ఆ ఏడాది అది మొదలైంది మార్చి నెల ఆరంభంలో, న్యూయార్క్‌లో ఇంకా చలి వదలని రోజుల్లో. చేతులు గడ్డకడుతుంటే పెన్ను పట్టుకుని మెట్రో స్టేషన్ల బయటా, అపార్టుమెంట్ల వరండాల్లోనూ నిలబడాలి. అవతల పార్టీ యంత్రాంగానికి ఏళ్ల తరబడి ఇదే పని తెలిసిన మనుషులున్నారు. ఈమెకు వచ్చినవాళ్లలో చాలామంది జీవితంలో ఎప్పుడూ ప్రచారం చేయనివాళ్లు. ఓటు అనే మాట ఎత్తకముందే అంత పరీక్ష. ఎంతోమంది కొత్త అభ్యర్థులు బ్యాలెట్ మీద పేరు పడకుండానే ఇక్కడే ఆగిపోతారు. ఈమె దాటారు.

తర్వాతిది ఇంటింటి ప్రచారం. అక్కడ ఓటర్ల జాబితాలో మనకు లేని ఒక వివరం ఉంటుంది. ఎవరికి వేశారన్నది రహస్యమే గానీ, ఏ ఏ ఎన్నికలో ఓటు వేశారన్నది నమోదై ఉంటుంది. గత మూడు ప్రైమరీల్లోనూ ఓటేసినవాళ్లను న్యూయార్క్ రాజకీయాల్లో ట్రిపుల్ ప్రైమ్ అంటారు. అనుభవమున్న అభ్యర్థులు వాళ్ల తలుపులే తడతారు, వాళ్లకే ఉత్తరాలు పంపుతారు. పదిహేను మెట్లెక్కి, ప్రైమరీ అంటే ఏమిటని అడిగే మనిషితో అరగంట మాట్లాడే తీరిక వాళ్లకు ఉండదు. ఒకాసియో-కోర్టెజ్ వెంట ఉన్నవాళ్లు అలాంటి తలుపులు కూడా తట్టారు. అమ్మా, డెమోక్రాట్‌గా నమోదై ఉన్నారా, జూన్ 26న ఓటుందని తెలుసా అని మొదలుపెట్టారు.

నమోదై ఉన్నారా అన్నది ఊరికే అడిగిన మాట కాదు. న్యూయార్క్ ప్రైమరీ బయటివాళ్లకు మూసి ఉంటుంది. ఆ పార్టీలో నమోదైనవాళ్లే ఓటేయాలి. 2018 జూన్‌లో ఓటేయాలంటే 2017 అక్టోబరు లోపే పార్టీ మార్చుకుని ఉండాలని అప్పటి నియమం. ఎనిమిది నెలల ముందు! అప్పటికి ఈమె పేరు ఎంతమందికి తెలుసు? ఏ పార్టీలోనూ నమోదు కాని మనిషి తలుపు తీసి, మాటలన్నీ విని, నీకే వేస్తానమ్మా అన్నా లాభం లేదు. ఆ గడువు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఓటు హక్కును తీసేయకుండానే ఓటరును దూరంగా ఉంచే మార్గం అది.

ఈ పోటీ మీద రేచల్ లియర్స్ అనే దర్శకురాలు ‘నాక్ డౌన్ ద హౌస్’ అనే డాక్యుమెంటరీ తీశారు. 2019లో వచ్చింది. అందులో ఒక దృశ్యం నాకు చాలా ఇష్టం. ఒకాసియో-కోర్టెజ్ తన కరపత్రాన్నీ, క్రౌలీ పంపిన ఖరీదైన కరపత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఆయన దాంట్లో రంగురంగుల బొమ్మలు, పేరాల కొద్దీ మాటలు ఉన్నాయి. ఓటు వేయాల్సిన తేదీని మాత్రం వెతుక్కోవాలి. ఆమె దాంట్లో జూన్ 26 అని కొట్టొచ్చినట్టు ఉంటుంది. తరచూ ఓటేసేవాళ్లతోనే మాట్లాడే మనిషికి తేదీ చెప్పాల్సిన పని ఉండదు. కొత్తగా ఓటేసేవాళ్లతో మాట్లాడే మనిషికి తేదీయే అన్నిటికన్నా ముఖ్యం. ఎన్నికల ప్రచారం గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివినా ఇంత సూటిగా అర్థం కాదు.

ఇక డబ్బు. అమెరికా చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఇవ్వగలిగే చందాకు హద్దు ఉంది. ఆ ఏడాది ప్రైమరీకి 2,700 డాలర్లు. క్రౌలీ ఖర్చు ముప్ఫై లక్షల డాలర్లు దాటింది. ఈమెది రెండు లక్షల దరిదాపుల్లో, చాలావరకు చిన్న చిన్న చందాలు. కార్పొరేట్ కమిటీల డబ్బు తీసుకోనని ముందే చెప్పారు. మే నెలాఖరున రెండు నిమిషాల వీడియో ఒకటి విడుదల చేశారు. దానికైన ఖర్చు పదివేల డాలర్ల లోపే. బ్రాంక్స్‌లో సొంత అపార్టుమెంటు, మెట్రో ప్లాట్‌ఫారం, వీధి. అంతే అందులో ఉన్నది. చేతి నుంచి చేతికి, ఫోను నుంచి ఫోనుకు పాకింది. జూన్‌లో పార్క్‌చెస్టర్‌లో ఇద్దరి మధ్య చర్చ ఏర్పాటైతే క్రౌలీ రాలేదు. తన బదులు ఒక మాజీ కౌన్సిల్ సభ్యురాలిని పంపారు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసి ఆయన్ను తప్పుబట్టింది. నిలదీసే మనిషి ముందు కూర్చోవడం ఇష్టంలేని నాయకులు మనకు కొత్తేం కాదు. అయితే అక్కడ ఆ గైర్హాజరుకు ధర కట్టే రోజు ఎంతో దూరంలో లేదు.

జూన్ 26 రాత్రి లెక్క తేలింది. ఆమెకు సుమారు 57 శాతం, ఆయనకు 43. తేడా దాదాపు నాలుగు వేల ఓట్లు. టీవీ తెర మీద తన ఆధిక్యం చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న దృశ్యం మీలో కొందరు చూసే ఉంటారు. క్రౌలీ హుందాగా ఓటమి ఒప్పుకున్నారు. గిటార్ అందుకుని ఒక పాట ఆమెకు అంకితమిచ్చారు. ఇరవై ఏళ్ల అధికారం చేజారిన గంటలో ఆ పని చేయడానికి మనసుండాలి. నవంబరులో గెలిచి 29 ఏళ్లకు ఆమె కాంగ్రెస్‌కు ఎన్నికైన అతి పిన్న మహిళ అయ్యారు. ప్రచారంలో తిరిగి తిరిగి అడుగున బొక్కలు పడిన ఆమె బూట్లను కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అడిగి తీసుకుని ఒక ప్రదర్శనలో పెట్టారు.

అయితే ఒక సంఖ్య గట్టిగా చెప్పాలి. ఆ నియోజకవర్గ జనాభా ఏడు లక్షలు. నమోదైన డెమోక్రాట్లు రెండు లక్షలకు పైనే. ఆ ప్రైమరీలో ఓటేసింది సుమారు ముప్ఫై వేలమంది. మన దగ్గర ఒక్క మండలంలో పడే ఓట్లకన్నా ఎక్కువేం కావు. తలుపు తలుపుకూ తిరిగిన మనిషి గెలవగలగడానికి కారణం కూడా అదే. ఇంత తక్కువమంది ఓటేసేచోట నాలుగు వేల గడపలు పెద్ద సైన్యం. ఆమె విజయాన్ని ఇది తక్కువ చేయదు. కానీ రెండు లక్షలమంది చేతిలో టికెట్ ఉండగా లక్షన్నరకు పైగా ఇంట్లో కూర్చున్నారన్నది సంతోషించే సంగతి కాదు.

ఇలాంటి గెలుపు ఒక్క పక్షానికే చెందదు. నాలుగేళ్ల ముందు, 2014 జూన్‌లో, రిపబ్లికన్ పార్టీలో అంతకన్నా పెద్ద సంచలనం జరిగింది. వర్జీనియాలో సభా నాయకుడు ఎరిక్ కాంటర్‌ను డేవ్ బ్రాట్ అనే అర్థశాస్త్రం ప్రొఫెసర్ ప్రైమరీలో ఓడించారు. బ్రాట్ ప్రచారమంతటికీ అయిన ఖర్చుకు దీటుగా కాంటర్ ప్రచార బృందం హోటల్ విందులకే ఖర్చుపెట్టిందని పత్రికలు లెక్కగట్టాయి.

ఇప్పుడు అదే జూన్ 26 రాత్రి మేరీలాండ్‌కు వెళదాం.

అరుణా మిల్లర్ పుట్టినింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, మేరీలాండ్‌లో మోంట్‌గొమరీ కౌంటీలో రవాణా ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. రోడ్లు, కూడళ్లు, పిల్లలు బడికి నడిచి వెళ్లే దారులు, ఇవీ ఆమె ఉద్యోగం. 2000 సంవత్సరంలో పౌరసత్వం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి, 2010లో, రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. కనుక రాజకీయాలకు కొత్త కాదు. కాంగ్రెస్ పోటీకి మాత్రం అదే మొదటిసారి. 6వ నియోజకవర్గంలో అప్పటి సభ్యుడు జాన్ డెలానీ దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తానని తప్పుకోవడంతో సీటు ఖాళీ అయింది. రాజధాని శివారు పట్టణాల దగ్గర మొదలై పశ్చిమాన కొండల దాకా సాగిపోయే నియోజకవర్గం అది. ఈ కొసన ఐటీ ఉద్యోగులు, ఆ కొసన పాత బొగ్గు గనుల ఊళ్లు.

ఎదుట నిలిచింది డేవిడ్ ట్రోన్. దేశమంతటా మద్యం దుకాణాల గొలుసు ఉన్న వ్యాపారి. ఆయన కూడా ఒకప్పుడు కొత్త అభ్యర్థే. 2016లో పక్క నియోజకవర్గంలో మొదటిసారి ప్రైమరీకి దిగి, కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైన సొంత సొమ్ము పోసి, జేమీ రాస్కిన్ చేతిలో ఓడారు. రెండేళ్లకు ఇక్కడికి వచ్చారు. ఇతరులిచ్చే చందాకు హద్దుంది గానీ, అభ్యర్థి తన సొంత డబ్బు ఎంత పెట్టుకున్నా అడ్డులేదు. 1976లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ట్రోన్ మళ్లీ కోటి డాలర్లకు పైగా కుమ్మరించారు. టీవీ పెడితే ఆయనే, ఉత్తరాల డబ్బా తెరిస్తే ఆయనే. అరుణా మిల్లర్ మనిషి మనిషినీ అడిగి చందాలు పోగుచేసుకున్నారు. మహిళా అభ్యర్థులకు తోడ్పడే ఎమిలీస్ లిస్ట్ సంస్థ ఆమెను బలపరిచింది. ఫలితం వచ్చేసరికి ట్రోన్‌కు సుమారు 40 శాతం, ఆమెకు సుమారు 31. మిగతావి మరికొందరు పంచుకున్నారు.

ఆ రాత్రి కెమెరాలన్నీ న్యూయార్క్ వైపే తిరిగి ఉన్నాయి. అరుణా మిల్లర్ చేసిన శ్రమ బార్‌లో పనిచేసిన యువతి చేసిన శ్రమకు ఏ విధంగానూ తీసిపోదు. ఓటర్లు మంచివాళ్లా కాదా అన్న లెక్క కూడా ఇక్కడ లేదు. ఒకచోట పద్నాలుగేళ్లుగా ఎవరూ నిలబడని పోటీ, పైగా నాయకుడి ఉదాసీనత. ఇంకొకచోట ఖాళీ సీటు, దానికోసం గుమిగూడినవాళ్లు, వాళ్లలో హద్దులేని డబ్బున్న ఒక మనిషి. కష్టపడితే గెలుస్తారని కొత్తవాళ్లకు నేను చెప్పలేను. నిలబడే హక్కు, అడిగే హక్కు దక్కుతాయని మాత్రం చెప్పగలను. అరుణా మిల్లర్ ఎవరి గేటు ముందూ వేచి ఉండలేదు. ఓడిన మర్నాడు కూడా ఆమె తన పార్టీలో మనిషే. ఎవరూ ఆమెను రెబల్ అనలేదు, సస్పెండ్ చేయలేదు. 2022లో వెస్ మూర్ గవర్నర్ పదవికి పోటీ చేస్తూ ఆమెను జతగా ఎంచుకున్నారు. ఇద్దరూ గెలిచారు. 2023 జనవరిలో భగవద్గీత మీద చెయ్యి ఉంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఆమె ప్రమాణం చేశారు. ట్రోన్ 2024లో సెనేట్ ప్రైమరీకి ఆరు కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. ఏంజెలా ఆల్సోబ్రూక్స్ చేతిలో ఓడిపోయారు.

అదే రాత్రి ఇంకొక కొత్త అభ్యర్థి గురించి చెప్పకుండా ఉండలేను. న్యూయార్క్ పక్కనే లాంగ్ ఐలాండ్‌లో ల్యూబా గ్రెచెన్ షిర్లీ, ఇద్దరు పసిబిడ్డల తల్లి. ప్రచారానికి వెళితే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆయాకు జీతం ఇవ్వాలి, సంపాదన ఆగిపోయింది. పిల్లల సంరక్షణ ఖర్చును ప్రచార నిధి నుంచి పెట్టుకోవచ్చా అని ఆమె కేంద్ర ఎన్నికల సంఘాన్ని అడిగారు. 2018 మే నెలలో సంఘం ఏకగ్రీవంగా సరేనంది. ఆమె ప్రైమరీ గెలిచి, నవంబరులో ఓడిపోయారు. ఆమె తెచ్చుకున్న అనుమతి మాత్రం ఆ తర్వాత ఎంతోమంది తల్లులకూ తండ్రులకూ పనికొచ్చింది. ఉద్యోగం మానుకుని, అద్దె కట్టుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఏడాదిపాటు ప్రచారం చేయడం సామాన్యుడి వల్ల అయ్యే పనేనా? చట్టం కాగితం మీద అందరికీ తలుపు తెరిచినా, లోపలికి రావడానికి బియ్యం డబ్బా నిండి ఉండాలి. ఆ సంగతిని ఎన్నికల సంఘం ముందు పెట్టి ఒప్పించింది ఆ తల్లి.

ఇందాక చెప్పిన డాక్యుమెంటరీలో నలుగురు మహిళలున్నారు. ఆ ఏడాది నలుగురిలో ముగ్గురు ఓడారు. నెవాడాలో ఎమీ విలేలా 22 ఏళ్ల కూతుర్ని పోగొట్టుకున్నాక బరిలోకి దిగారు. బీమా లేదన్న కారణంతో బిడ్డకు సరైన పరీక్ష చేయలేదన్నది ఆమె కడుపుకోత. వెస్ట్ వర్జీనియాలో బొగ్గుగని కార్మికుల ఇంటి నుంచి వచ్చిన పాలా జీన్ స్వేరెంజిన్, తమ పార్టీకే చెందిన సెనేటర్ మీద నిలబడ్డారు. మిస్సోరిలో నర్సుగా పనిచేసిన కోరీ బుష్ 2018లో అక్కడి సభ్యుడు లేసీ క్లే చేతిలో ఓడి, 2020లో ఆయన్నే ఓడించారు. తండ్రీ కొడుకులు కలిసి యాభై ఏళ్లకు పైగా ఏలిన సీటు అది. ఆమెను కూడా 2024 ప్రైమరీలో వెస్లీ బెల్ ఓడించారు. బయటి సంఘాల డబ్బు ఆ పోటీలో భారీగా పారింది. ఆమెను లోపలికి పంపినదీ ప్రైమరీయే, బయటికి పంపినదీ ప్రైమరీయే.

ఇవన్నీ విన్నాక, మన దగ్గర కూడా పార్టీలు జనాన్ని అడుగుతున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. ఫోన్ మోగుతుంది. ఫలానా ఆయన అభ్యర్థి అయితే బాగుంటుందనుకుంటే ఒకటి నొక్కండి, ఇంకొక ఆయన అనుకుంటే రెండు నొక్కండి అంటుంది ఒక గొంతు. మనం నొక్కుతాం. ఆ తర్వాత ఎంతమంది ఒకటి నొక్కారో, ఎంతమంది రెండు నొక్కారో ఎవరికి చెప్పారు? ఆ లెక్క అడిగినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. దానికి కట్టుబడాలన్న నియమం లేదు. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ పార్టీ కొన్ని స్థానాల్లో ప్రైమరీలాంటిది నిర్వహించింది. అందులో ఓటు పార్టీ పదాధికారులకూ కార్యకర్తలకూ మాత్రమే. ఆ ప్రయత్నం కూడా నిలదొక్కుకోలేదు. మన చట్టం పార్టీలను ఇలా చేయవద్దని ఎక్కడా అనలేదు. బి ఫారం మీద సంతకం పెట్టే ముందు ఒక గ్రామంలోనైనా పార్టీ సభ్యుల్ని పిలిచి, ఓటు పెట్టి, అందరి ముందూ లెక్కపెట్టి, ఆ అంకెను గోడ మీద రాయమని అడగడానికి మన కార్యకర్తకు పూర్తి హక్కుంది. తక్కువమంది రావచ్చు, డబ్బు పారవచ్చు, కులం లెక్కలు రావచ్చు. ఇప్పుడు మూసిన గదిలో అవి లేవా? వీధిలో జరిగితే కనీసం మన కంటికి కనబడతాయి. ఓడినవాడికి తనను ఓడించినది ఎవరో తెలుస్తుంది. రెండేళ్లకో ఐదేళ్లకో మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లి అడగవచ్చు. గేటు బయట నిలబడి వెనక్కి వచ్చినవాడు ఎవర్ని అడగాలి?

చివరగా, పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ పౌరసత్వం తీసుకున్నవాళ్లకే ఓటు. హెచ్-1బి వీసా మీదున్నవాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటేయకూడదు, వేస్తే నేరం. పౌరసత్వం ఉన్న పిల్లలు నవంబరులో ఓటేస్తామని చెబుతారు గానీ, ప్రైమరీ సంగతి చాలామందికి పట్టదు. ఈసారి వీడియో కాల్‌లో కనబడినప్పుడు అడగండి. వాళ్లుండే చోట ప్రైమరీ ఎప్పుడని, ఎవరెవరు నిలబడ్డారని. టెక్సస్‌లో ముందుగా పార్టీలో నమోదు కానక్కర్లేదు, పోలింగ్ కేంద్రంలోనే ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పవచ్చు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు ఆ రోజే ఒక పార్టీ ఎంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో అన్ని పార్టీల వాళ్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు మాత్రం ముందే జాగ్రత్తపడాలి. ఎనిమిది నెలల నాటి పాత గడువును ఆ తర్వాత సడలించారు. ఇప్పుడు జూన్ ప్రైమరీ కోసం పార్టీ మార్చుకోవాలంటే ఆఖరి తేదీ ఫిబ్రవరి 14.